నేను తప్పిన స్పాటర్: స్మూత్ మజిల్

గుంటూరులో ఎంబీబీఎస్ ఫస్టియర్ చదివాను. హిస్టాలజీ (కణజాలాల చదువు) ఇంటర్నల్స్‌లో, చూసి పేరు రాయాల్సిన స్లైడ్లలో (స్పాటర్లలో) నేను పోగొట్టుకున్న ఒక్కదాని గురించి జూనియర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది మంగళగిరి, ఇంట్లో మగ్గం ఉంది. పుస్తకంలో స్మూత్ మజిల్ (అడ్డగీతలు లేని కండరం) కణం బొమ్మ చూడగానే మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడె గుర్తొచ్చింది: మధ్యలో లావు, రెండు కొసలూ సన్నం. ఇక ఇది మర్చిపోను అనుకున్నాను. తీరా పరీక్షలో లెన్స్ కింద నాడెలు ఎక్కడా లేవు. గులాబీ రంగు చారలు, వాటిలో ఊదా గింజలు, అంతే. టెన్షన్‌లో టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) అని రాసేశాను.

తర్వాత రోజూ ప్రాక్టికల్ అయ్యాక ఆ రెండు స్లైడ్లనూ మార్చి మార్చి చూశాను. ఒక కణం లావు భాగం పక్కనే ఇంకోదాని సన్నటి కొస ఒదిగి ఉంటుంది, అందుకే విడిగా నాడె కనపడదు. ఆకారం కాదు, న్యూక్లియస్ ఎక్కడుందో చూడండి. టెండన్‌లో అవి సన్నగా, ముదురుగా, కొల్లాజెన్ అనే పీచు కట్టల సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. స్మూత్ మజిల్‌లో కణం లోపలే, నట్టనడుమ, ఒక్కటే ఉంటుంది. చుట్టలా పొడవుగా, కొసలు మొద్దుగా. కండరం ముడుచుకున్న చోట స్క్రూలా మెలి తిరిగి కనిపిస్తుంది.

అడ్డగీతలు ఉన్నాయా లేవా అని అనుమానమొస్తే, మైక్రోస్కోప్‌లో వెలుతురు తగ్గించే కండెన్సర్ డయాఫ్రమ్ కొంచెం మూసి చూడండి. కాంట్రాస్ట్ పెరుగుతుంది.

ప్రాక్టీస్‌కు నాకు బాగా నచ్చింది పేగు స్లైడ్. అడ్డంగా కోసిన పేగులో లోపలి కండర పొర కణాలు పొడవుగా, బయటి పొరవి గుండ్రంగా కనిపిస్తాయి. రెండు కోతలూ ఒకే చోట దొరుకుతాయి. వాటి మధ్య లేతగా, పెద్దగా కనిపించే గ్యాంగ్లియాన్ కణాలనూ (నాడీ కణాలు) వదలకండి. రికార్డ్‌లో ఆ రెండు పొరల్నీ హెచ్ అండ్ ఈ పెన్సిళ్లతో (స్లైడ్‌లో కనిపించే గులాబీ, ఊదా రంగులవి) మీరే వెయ్యండి, పక్కవాళ్ల బొమ్మ చూసి దించొద్దు.

యూనివర్సిటీ ప్రాక్టికల్‌లో నాకు పేగు స్లైడే వచ్చింది. బయటి పొర చూపించి, "కొన్ని గుండ్రాల్లో న్యూక్లియస్ లేదేమ్మా?" అని ఎగ్జామినర్ అడిగారు. నాడెల కట్టను అడ్డంగా కోసినట్టు ఊహించుకున్నాను. "కోత కొన్ని కణాల నడుమ నుంచి, కొన్నిటి కొసల దగ్గర పడింది సార్. చిన్న గుండ్రాలు కొసలవి, అక్కడ న్యూక్లియస్ ఉండదు" అన్నాను. ఆయన తలూపి తర్వాతి స్లైడ్ పెట్టారు.