సైరంధ్రి దారిలో ఆగిన జీపు

కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవికి జీపులు బయల్దేరే ఊరు ముక్కాలి. అక్కడ జీపు కిరాయి దగ్గరే మనసు చివుక్కుమంది. మేము ఇద్దరమే, నేనూ మా తమ్ముడూ. అయినా జీపు మొత్తానికీ కట్టాల్సిందే. పంచుకోవడానికి ఇంకెవరైనా వస్తారేమోనని గంటసేపు ఎదురుచూశాం, ఒక్కరూ రాలేదు. సైలెంట్ వ్యాలీలోకి సొంత బండి వెళ్లనివ్వరు, గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. ఆ చిరాకుతోనే ఎక్కాను.

అడవి లోపల జీపు ఆగే చోటు సైరంధ్రి. అక్కడికి 23 కిలోమీటర్లు. నడుం విరిగే దారి. ఒక మలుపులో గైడు జీపు ఆపించి ఇంజను కట్టేయమన్నాడు. ఎంత చూసినా ఆకులే. ఇంతలో పైనుంచి టప్పున ఏదో పడింది. సగం కొరికిన ముళ్లకాయ. "వెడిప్లావు" అన్నాడు గైడు. పేలే పనస అని అర్థమట. తలెత్తితే కొమ్మ మీద సింహపుతోక కోతి! నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ నెరిసిన జూలు, తోక చివర చిన్న కుచ్చు. పొట్టకు కరుచుకుని పిల్ల. ఒక చేత్తో కాయ పట్టుకుని, పళ్లతో ముళ్లతోలు చీల్చి, గింజ బుగ్గన పెట్టుకుంటోంది. పశ్చిమ కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకే అడవిలోనూ లేని జీవం అది. ఇరవై నిమిషాలు మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. కిరాయి సంగతి మళ్లీ గుర్తు రాలేదు.

విరాటుడి కొలువులో ద్రౌపది పెట్టుకున్న పేరే సైరంధ్రి. కింద పారే ఏరు కుంతిపుళ. అత్తాకోడళ్లు ఇద్దరూ ఇక్కడే ఉన్నారన్నమాట. 30 మీటర్ల టవరెక్కితే లోయంతా కళ్లముందు పరుచుకుంది. కరెంటు కోసం ఆ ఏటికి ఇక్కడే ఆనకట్ట కట్టాలనుకున్నారు. కట్టుంటే 830 హెక్టార్ల అడవి మునిగిపోయేది. సుగతకుమారి లాంటి కవులు, సలీం అలీ లాంటి శాస్త్రవేత్తలు, సైన్సును జనంలోకి తీసుకెళ్లే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 1983లో ఆ ప్రాజెక్టు ఆగింది. మరుసటి ఏడు ఇది జాతీయ పార్కయింది. కాలేజీలో నేను వక్తృత్వ పోటీలో కరెంటు పక్షాన మాట్లాడి బహుమతి తెచ్చుకున్నవాణ్ణి. టవరు మీద ఆ మాటలన్నీ గుర్తొచ్చి చాలాసేపు నోరు పెగల్లేదు.

ఏటిదాకా కిలోమీటరున్నర నడక. జలగలు. మేజోళ్ల మీద ఉప్పు రుద్దుకున్నా రెండు పట్టేశాయి. కీచురాళ్ల రొద ఉండదు కనుకే ఈ లోయకు ఆ పేరొచ్చిందని ఒక కథ. మాకు మాత్రం దారంతా ఏదో ఒక చప్పుడు. ఒకచోట ఎవరో కుర్రాడు ఈల వేసినట్టయితే తమ్ముడు వెనక్కి తిరిగాడు. పక్షి.

తిరుగుదారిలో ఆ మలుపు దగ్గర మళ్లీ ఆపమన్నాం. కోతులు వెళ్లిపోయాయి. దారి మీద ముళ్లతొక్కలు మిగిలాయి. తమ్ముడు ఒకటి తీసి జేబులో పెట్టుకోబోతే గైడు వద్దని తలూపాడు. వాడు వంగి, తీసినచోటే పెట్టేశాడు.