మేక కోసం హాకీ

గోల్‌కీపర్ బ్యాగుకి టిక్కెట్టు తియ్యాలా వద్దా అని బొకారో బండిలో పెద్ద పంచాయితీ నడిచింది. కాళ్ల ప్యాడ్లు, పాదాలకి తొడిగే కిక్కర్లు, హెల్మెట్టు, ఛాతీ గార్డు అన్నీ కుక్కితే అది ఒక మనిషంత ఉంటుంది. సీటు కింద పట్టదు. పై బెర్తు మీద పెడదామంటే ఆ బెర్తు నాది. కట్టగట్టిన స్టిక్కులు చూసి ఎదురుగా కూర్చున్న పెద్దాయన "ఎవరి మీదకమ్మా దండయాత్ర?" అన్నాడు. అదే క్రికెట్ బ్యాట్లతో ఎక్కి ఉంటే జట్టులో ఎవరెవరున్నారని అడిగి, తన అభిప్రాయం కూడా చెప్పేవాడు. పార్వతీపురం దాటకముందే పులిహోర పొట్లాలు ఖాళీ. రాయగడ తర్వాత కొండలు. తిట్లాగఢ్ నుంచి పిల్లలకి కాళ్లు చాపుకునే చోటు కోసం కొట్లాట. సంబల్‌పూర్ చీకట్లో పోయింది.

ఆడపిల్లల జట్టుతో ఒక ఆడమనిషి ఉండాలని మా పీఈటీ మేష్టారు పట్టుబడితే, మా అమ్మాయి అందులో ఎడమవైపు ఆడే లెఫ్ట్ హాఫ్ కాబట్టి ఆ భారం నా మీద పడింది. సంక్రాంతికి ఇల్లు వదిలి ఒడిశాలోని రూర్కెలా ఏమిటని మా అత్తగారు ఇప్పటికీ మాట్లాడటం లేదు.

వెళ్లడానికి కారణం ఆ ఏడాది సీజనే. బడి తెరిచింది మొదలు వానాకాలమంతా బురదలో ఆడారు. మా జిల్లాలో ఆడపిల్లల హాకీ జట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కనక, సీజనంటే ఆ నాలుగు బళ్లూ ఒకదాన్నొకటి ఓడించుకోవడమే. మావాళ్లు బాగానే గెలిచారు. కొందరు జిల్లా జట్టుకి ఎంపికై రాష్ట్ర ఆటలకి వెళ్లి, మొట్టమొదటిసారి టర్ఫ్ (కృత్రిమ పచ్చిక) మీద దిగి, తేలిపోయారు. మా గ్రౌండులో గులకరాయి తగిలి బంతి ఎటు ఎగురుతుందో పిల్లలకి తెలుసు. టర్ఫ్ మీద అది ఎగరలేదు, సర్రున జారిపోయింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కృత్రిమ పచ్చిక వేసినప్పుడు మన దేశం జట్టు కూడా ఏడో స్థానంలో పడిందని మేష్టారు ఓదార్చారు. పిల్లలు ఓదారలేదు. అందుకని 2025 సంక్రాంతి సెలవుల్లో, హాకీ ఇండియా లీగ్ అక్కడ జరుగుతోంది కదా, అసలు టర్ఫ్ ఆట ఎలా ఉంటుందో చూపిద్దామని ఆయన ప్లాను.

అర్ధరాత్రి స్టేషన్లో దిగితే ఆటోవాళ్లు పగటి రేటుకి మూడింతలు చెప్పారు. బ్యాగుకి వేరే. బస చేసిన సత్రం గురించి చెప్పుకోకపోతేనే మంచిది. దుప్పటి అడిగితే అద్దె అన్నారు, వేణ్ణీళ్లడిగితే నవ్వారు. జనవరి చలి అక్కడ మన అరకు చలిని తలదన్నేలా ఉంది.

బిర్సా ముండా స్టేడియం మాత్రం చూడాల్సిందే. 2023 ప్రపంచకప్ కోసం కట్టారు. ఇరవై వేల మందికి పైగా కూర్చునే హాకీ మైదానం ఉంటుందని మా పిల్లలకి ఊహకైనా లేదు. ఆట ముందు గొట్టాల్లోంచి నీళ్లు చిమ్మి టర్ఫ్‌ని తడుపుతుంటే గోల్‌కీపర్ పిల్ల "పిన్నీ, ఈ నీళ్లు మనూరికిస్తే వేసవంతా గడిచిపోద్ది" అంది. లీగ్‌లో మన హైదరాబాద్ జట్టు తూఫాన్స్‌ని చూద్దామని అంతదూరం వెళ్తే ఆ సాయంత్రం వాళ్ల ఆటే లేదు. మేష్టారు తేదీలు తిరగేసి తిరగేసి ఊరుకున్నారు. స్టేడియం కథ అంతే. మిగతా రోజుల్లో వేదవ్యాస్ దగ్గర నదుల సంగమం చూశాం, అందరూ చూసేదే.

అసలు సంగతి ఊరి బయట జరిగింది. సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో కోతలయ్యాక ఖస్సీ టోర్నమెంట్లు పెడతారు. గెలిచిన జట్టుకి బహుమానం మేకపోతు. కప్పూ కాదు, సర్టిఫికెట్టూ కాదు. మన దేశం హాకీ జట్టుకి ఆడిన దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ ఇద్దరిదీ ఈ జిల్లాలోని సౌనామారా అనే ఒకే ఊరని తెలిసిందే కదా. అలాంటి ఊళ్లే చుట్టూ. పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్ దగ్గర ఎవరో చెబితే మేష్టారు జీపు మాట్లాడేశారు. నేలంతా మట్టి, సగంమంది చెప్పుల్లేకుండా ఆడుతున్నారు, చెట్టుకి కట్టేసిన మేక ఎవరి గోలకీ తల ఎత్తకుండా ఆకులు తింటోంది. మట్టి నేల కనబడగానే మా పిల్లలకి ప్రాణం లేచొచ్చింది. రెండు పెద్ద ఆటల మధ్య, ఆ ఊరి అమ్మాయిలతో చిన్న ఆట ఆడనిచ్చారు.

గీత పక్కన ఒక ముసలామె మరమరాలు అమ్ముతోంది. మా అమ్మాయి పరుగెడుతూ, బంతి చేజారేలా ఉందని స్టిక్కు గుండ్రటి వైపుతో ఆపింది. అంపైర్ చూడలేదు. మేష్టారూ చూడలేదు. ఆ ముసలామె తట్ట వదిలేసి లేచి నిలబడి, అరచెయ్యి తిరగేసి చూపిస్తూ అక్కడి సాద్రీ భాషలో కేకలు. భాష రాకపోయినా ఏమంటోందో మాకందరికీ అర్థమైంది: వెనకవైపు తగిలింది, ఫౌల్! జనమంతా ఆమె వైపే. అంపైర్ కుర్రాడు ఒక్క క్షణం తటపటాయించి అవతలివాళ్లకి ఫ్రీ హిట్ ఇచ్చాడు. దాన్నుంచే గోలు పడింది.

నాకు ఒళ్లు మండింది. పిల్లలాడుకునే ఆటకి ఇంత న్యాయమెందుకు? మా ఊళ్లో పిల్లలు ప్రాక్టీసుకి పోతుంటే దారిలో జనానికి తెలిసిన ప్రశ్న ఒక్కటే, "ఇదాడితే ఉద్యోగమొస్తాదా?" అని. స్టిక్కుకి ఒక పక్కే ఆడాలని తెలిసిన పెద్దమనిషి మేష్టారు తప్ప ఇంకొకరు కనబడరు.

ఆట మధ్యలో విరామమిస్తే ఆమే వచ్చింది. మా అమ్మాయి చేతిలో స్టిక్కు తీసుకుని, చీర కుచ్చెళ్లు దోపి, మోకాళ్లు వంచి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి ఎడమవైపు పోయే బంతిని చదునువైపుతో ఆపి చూపించింది. రెండోసారి ఇంకా నెమ్మదిగా. పెళ్లికి ముందు ఆమె కూడా ఆడేదట, వెదురు కర్రతో. జీపు డ్రైవరు హిందీలో తర్జుమా చేశాడు: ఆమె జట్టు మూడు మేకలు గెలిచింది, ఒకటి దారిలో తప్పించుకుపోయింది. ఆ తప్పిపోయిన మేక మీద ఆమెకి ఇంకా కోపం తగ్గినట్టు లేదు. మరమరాలకి డబ్బులిస్తే లెక్కపెట్టి మరీ తీసుకుంది, పైసా తగ్గించలేదు.

మావాళ్లు ఓడిపోయారు. అయినా ఆ ఊరివాళ్లు భోజనానికి ఉండమన్నారు. చీకటి పడకముందే పిల్లల్ని సత్రానికి చేర్చాలని నేను ఒప్పుకోలేదు. మేకకూర వాసన వస్తుండగా జీపెక్కించినందుకు పిల్లలు రైల్లో ఎవ్వరూ నా పక్కన కూర్చోలేదు.

ఇంటికొచ్చాక ఫిబ్రవరి 1న లీగ్ ఫైనల్ పిల్లలు ఫోన్లో చూశారు. తూఫాన్స్ 4-3తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడారు. మా అమ్మాయి గోళ్లు కొరుక్కుంటూనే, గోడకి బంతి కొట్టి ఎడమవైపు ఆపుతోంది. పెచ్చులూడుతున్నాయి.

వచ్చే సీజన్‌కి మా దగ్గరా మేక టోర్నమెంటు పెట్టాలని పిల్లల పట్టు. మేష్టారు వాళ్లను వెంటబెట్టుకుని సర్పంచ్ గారింటికి వెళ్లారు. కప్పయితే ఇస్తాను, దాని మీద మా నాన్నగారి పేరు చెక్కించుకోవచ్చు, మేక మీద పేరెక్కడ వేస్తారు అన్నారాయన. మెడలో బోర్డు కడతామండీ అని గోల్‌కీపర్ చెప్పి వచ్చింది. ఆలోచించి చెబుతానన్నారట.