బట్టలకంటిన బబుల్‌గమ్: నా మరకల నోటుబుక్కులోంచి

పాత బట్టలు బాగుచేయడం నాకు చాలాకాలంగా ఉన్న సరదా. చిరుగులకి రఫ్ఫు వేయడం, పసుపు మరకలు, ఇంకు మరకలు వదిలించడం, అలా ఏది చేసినా ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. ఈ వేసవి నుంచి అందులో పేజీలన్నీ బబుల్‌గమ్‌తోనే నిండుతున్నాయి. బళ్లు తెరిస్తే చాలు, మా వీధి పిల్లల ప్యాంట్లకి గమ్ము అంటుకు రావడం మామూలే. జూన్ లోపల ఒక దారి తేల్చుకోవాలని మేలోనే మొదలుపెట్టాను.

మే, గుడ్డముక్కల మీద

పాత లుంగీ, టెర్రీకాట్ ప్యాంటు గుడ్డ, టీషర్టు, జీన్సు కాలు, వీటిని అరచేతి వెడల్పు ముక్కలుగా కత్తిరించాను. తీపి పోయేదాకా నమిలిన గమ్ముని ఒక్కోదాని మీద బొటనవేలితో నొక్కి, పైన ఇటుక పెట్టి రాత్రంతా వదిలేశాను. పిల్లాడు దాని మీద కూర్చున్నట్టే ఉండాలి కదా మరి.

ముందు మామూలు ఉతుకు. సర్ఫు నీళ్లలో నానబెట్టి బ్రష్ వేసినా గమ్ము చెక్కు చెదరలేదు. వేడినీళ్లు పోసిన ముక్క ఇంకా అధ్వానం. గమ్ము మెత్తబడి, పలచగా పరుచుకుని, నేత సందుల్లోకి దిగిపోయింది. టీషర్టు ముక్కనైతే తిరగేసి చూస్తే వెనకవైపు కూడా జిగురు తగిలింది. గమ్ము పూర్తిగా పోయిందని తేలేవరకూ వేడినీళ్లు, ఇస్త్రీ, వాషింగ్ మెషీన్ డ్రయ్యర్ ఆ బట్ట దరిదాపులకి రాకూడదని పెద్దక్షరాలతో రాసుకున్నాను.

కారణం తెలిస్తే పని సులువవుతుంది. గమ్ములో నీళ్లకి కరిగేవి చక్కెర లాంటివే. అవి నోట్లోనే పోతాయి. మిగిలే ముద్ద రబ్బరు, మైనం లాంటి పదార్థాల కలయిక. ఈ రోజుల్లో ఎక్కువగా పాలీఐసోబ్యుటిలీన్, పాలీవినైల్ ఎసిటేట్ అనే కృత్రిమ పదార్థాలు వాడతారు. గంటసేపు నమిలినా కరగనిది బకెట్లో ఎలా కరుగుతుంది? కృత్రిమ రబ్బర్లు రాకముందు మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో చెట్లకి గాట్లు పెట్టి, కారిన పాలని కాచి గమ్ము చేసేవారు. ఆ పాల పేరు చికిల్, ఆ చెట్టు మన సపోటాయే.

ఇది చదివాక నాకు పనసకాయ గుర్తొచ్చింది. మా గోదావరి వైపు పనసపొట్టు కొట్టేవాళ్లెవరూ నూనె రాసుకోకుండా కత్తి పట్టరు. ఆ పాలు నీళ్లకి లొంగవు, నూనెకి లొంగుతాయి. గమ్ముదీ అదే గుణం.

మే చివర, చల్లదనం

నూనెకంటే ముందు ముద్దని తీయాలి. అందుకు ఫ్రీజరే సరైనది. గమ్ము పైకి ఉండేలా బట్ట మడిచి, కవర్లో వదులుగా పెట్టాలి. కవరు గమ్ముకి తగలకూడదు, తగిలితే అదీ అంటుకుంటుంది. గంట, గంటన్నర చాలు. గోటితో కొడితే టక్కుమని గట్టిగా పలకాలి.

బయటికి తీశాక టైము చాలా తక్కువ. మా ఎండలకి ఒకటి రెండు నిమిషాల్లోనే మళ్లీ సాగడం మొదలెడుతుంది. అందుకే ఫ్రిజ్ పక్కనే స్టూలు వేసుకుని, ఐసు ముక్కలు నింపిన కవరు మీద బట్టని పరిచి గీకుతున్నాను. మొదట బ్లేడు పట్టాను కానీ పోగులు తెగుతున్నాయి. పాత ఏటీఎం కార్డు అంచు, స్టీలు చెంచా అంచు బాగా పనిచేస్తున్నాయి. అంచుల నుంచి మధ్యలోకి రావాలి. జీన్సు మీద ముద్ద పెంకులా లేచి వచ్చేసింది. టీషర్టు గుడ్డకి గీకుడు కుదరదు, అల్లిక కాబట్టి సాగిపోతుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా లాగితే గట్టిపడ్డ గమ్ము పగిలి రాలుతుంది. ఆ తర్వాత పొడి టూత్‌బ్రష్. కరెంటు లేనప్పుడు ఐసు ముక్కల్ని కవర్లో కట్టి గమ్ము మీద అదిమిపెట్టినా పని అవుతుంది, కాకపోతే కొంచెం కొంచెంగా.

ఇస్త్రీపెట్టె పద్ధతి కూడా చూశాను. కింద అట్టముక్క, దాని మీద గమ్ము వైపు ఆనేలా బట్ట, వెనకనుంచి ఇస్త్రీ. లుంగీ ముక్క మీద ముద్ద అట్టకి దిగింది. టెర్రీకాట్ మీద మాత్రం గమ్ము మరింత లోపలికి పోయి, గుడ్డ మెరుపు తేలింది. నేను దాన్ని వదిలేశాను.

జూన్, అసలు ప్యాంటు

బళ్లు తెరిచిన వారంలోనే పక్కింటావిడ నేవీబ్లూ టెర్రీకాట్ ప్యాంటు పట్టుకొచ్చింది. "పిన్నిగారూ, ఇది పోద్దంటారా అండీ? కొన్నదే మొన్న" అంది. వెనక జేబు కింద రూపాయి బిళ్లంత గమ్ము, అప్పటికే దుమ్ము పట్టి నల్లబడింది.

ఫ్రీజరులో పెట్టి గీకితే ముద్ద వచ్చేసింది. కానీ వెలుగుకి అడ్డంగా పట్టి చూస్తే నేత గళ్లల్లో బూడిదరంగు పొర సన్నగా ఉంది, వేలు పెడితే అతుక్కుంటోంది. అసలు పని ఇక్కడే. నూలు బట్టయితే కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగితే, టూత్‌బ్రష్ కింద ఆ పొర చిన్న చిన్న ఉండలుగా లేస్తుంది. దూదితో ఎత్తేయాలి, రుద్దితే పక్కకి పాకుతుంది. తర్వాత తడి చేయకుండానే గిన్నెలు తోమే లిక్విడ్ రాసి పావుగంట ఉంచి, గోరువెచ్చని నీళ్లతో ఉతకాలి. నూనె జిడ్డు ఉండగా ఆరేస్తే అదొక కొత్త మరక.

టెర్రీకాట్‌లో పాలియెస్టర్ ఉంటుంది, అది నూనెని ఒక పట్టాన వదలదు. అందుకని ఈ ప్యాంటుకి మందులషాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ వాడాను. ముందు నడుం పట్టీ లోపలి మడతలో ఒక చుక్క వేసి, తెల్ల గుడ్డతో ఒత్తి చూశాను, రంగు దిగలేదు. పొర కింద పాత తువ్వాలు పరిచి, వెనకవైపు నుంచి స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒత్తుతూ పోయాను. దూది మురికిపడ్డప్పుడల్లా మార్చాలి. పొయ్యి ఆర్పి, కిటికీలు తెరిచి చేయాలి, అది భగ్గుమనే సరుకు. చివరికి ఒక ఉతుకు. ఆరాక జేబు కింద చెయ్యి పెట్టి నిమిరితే మిగతా గుడ్డలాగే ఉంది. చాలా సంతోషమేసింది. పొర పూర్తిగా పోయిందని తడిమి చూసుకున్నాకే ఇస్త్రీకి ఇచ్చింది ఆవిడ.

శానిటైజర్ కూడా అదే తీరులో పనిచేస్తుంది. ఆల్కహాల్ శాతం 60కి పైన ఉన్నది చూసుకోవాలి. గోళ్లరంగు తుడిచే రిమూవర్ మాత్రం వద్దు. అందులో ఎసిటోన్ ఉంటే ఎసిటేట్ రకం లైనింగు గుడ్డలు కరిగిపోతాయి. కిరసనాయిలు కొందరు చెబుతారు. గమ్ము పోవచ్చుగానీ వాసన పోదు, మంట భయం ఒకటి. పిల్లల బట్టలకి నేను ఒప్పుకోను.

జూలై, ప్రస్తుతానికి

పట్టుబట్టల జోలికి వెళ్లడం లేదు. ఎవరైనా తెస్తే కవర్లో కట్టిన ఐసు తడి తగలకుండా ఆనించి, పైపైన ఊడివచ్చింది తీసి, మిగతాది డ్రైక్లీనింగుకి పంపమంటున్నాను. ఎక్కడ అంటిందో, ఏమంటిందో ఒక చీటీ రాసి చీరకి గుచ్చమని కూడా చెబుతున్నాను. ఉన్ని స్వెట్టర్‌కి ఐసు పరవాలేదు, బ్రష్ మాత్రం వేయకూడదు, వేస్తే ముద్దకడుతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక చిన్నపిల్ల గౌను. పైన నెట్టు, లోపల లైనింగు, గమ్ము రెండిటినీ కలిపి అతికించేసింది. నెట్టుని గీకితే చిరుగుతుంది. ఫ్రీజర్ నుంచి తీసి రెండు పొరల్నీ మెల్లగా విడదీసి, మధ్యలో పాలిథీన్ కాగితం దూర్చాలని ఆలోచన. లైనింగు ఏ గుడ్డో తేలలేదు కాబట్టి, స్పిరిట్ చుక్క ముందు లోపలి కుట్టు మీద వేసి ఆరబెట్టాను. రంగు కదలకపోతే రేపు పొద్దున్న మొదలుపెడతాను.