సెలవులకి బెజవాడ వచ్చిన పిల్లలకి వార్బ్లర్లు చూపించాలంటే

వార్బ్లర్లంటే ఆకుల మధ్య పురుగులు ఏరుకు తినే చిన్న వలస పిట్టలు. అమెరికాలో సెప్టెంబరు వార్బ్లర్లకి అలవాటుపడిన పిల్లలు బెజవాడలో మొదటి రోజే పెదవి విరుస్తారు. అక్కడి పిట్టలకి వలస వేళకి రంగు వెలిసినా ఎక్కడో ఒకచోట పసుపు, రెక్కల మీద తెల్ల గీతలు, పొట్ట మీద చారలు మిగులుతాయి. చలికాలానికి ఇక్కడికి వచ్చేవన్నీ మట్టిరంగు, పాచిరంగు. పేరు ఒకటే గానీ అవి వేరే కుటుంబం, ఇవి వేరే కుటుంబం, దగ్గరి చుట్టరికం కూడా లేదు. ఈ సంగతి విమానం ఎక్కకముందే చెప్పి ఉంచండి. లేకపోతే పావుగంట చూసి "ఇక్కడేం లేవు" అని ఫోన్‌లో పడతారు.

రంగు పనికిరాని చోట చెట్టుని బట్టి, ఎత్తుని బట్టి, కదిలే తీరుని బట్టి పోల్చుకోవాలి. మన పిల్లలకి చెట్ల పేర్లు రావు. తాతయ్యకీ అమ్మమ్మకీ వచ్చు. అందుకని వాళ్లలో ఒకరైనా వెంట ఉంటే తప్ప పని జరగదు.

ముందు మూడు పిట్టలు చాలు. గ్రీనిష్ వార్బ్లర్ వేప, చింత, రావి లాంటి పెద్ద చెట్ల పైభాగంలో తిరుగుతుంది. పిచ్చుక కన్నా చిన్నది. పైన పాచిరంగు, కింద తెలుపు, కంటి మీద పొడుగాటి లేతపసుపు గీత, రెక్క మీద ఒకే ఒక సన్న గీత. ఈకలు అరిగితే ఆ గీత కనపడదు, కాబట్టి అది లేదని పిట్టని కొట్టిపారేయొద్దు. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అందుకు పూర్తిగా విరుద్ధం. పేరులో రెల్లు (రీడ్) ఉన్నా మన దగ్గర చలికాలమంతా కంచెల్లో, మామిడి గుబుర్లలో, పొదల్లో దాక్కుని "చెక్... చెక్" అంటుంది. రెండు గులకరాళ్లు కొట్టినట్టుంటుంది ఆ చప్పుడు. కంటి మీది గీత ముక్కుకీ కంటికీ మధ్యే స్పష్టంగా ఉంటుంది, కన్ను దాటాక చెరిగిపోతుంది. ఫిన్లాండ్, రష్యా వైపు గూళ్లు పెట్టుకుని ఇంత దూరం వస్తుందని చెబితే పిల్లలకి కాస్త గౌరవం కలుగుతుంది. మూడోది బూటెడ్ వార్బ్లర్. ఎండు నేలల్లో, తుమ్మ చెట్ల మీద వెతకాలి. ఇసుక రంగు, పొట్టి ముక్కు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే ఉండే పిట్టలతో. తోక నిక్కబొడుచుకుని, నెత్తి మీద ఇటుకరంగు ఉంటే అది టైలర్ బర్డ్. ముక్కు వంపు తిరిగి ఉంటే ఆడ తేనెపిట్ట. ఈ రెండిటినీ పెరట్లోనే బాగా చూపించి, తర్వాత కాలువ గట్టుకి తీసుకెళ్లండి.

ఇక అసలు కష్టం, కనిపించిన పిట్టని పక్కవాడికి చూపించడం. వేలు చూపితే లాభం లేదు. చూపేవాడి కన్ను ఒకచోట, చూసేవాడి కన్ను ఇంకోచోట ఉంటాయి, వేలు ఇద్దరికీ వేర్వేరు కొమ్మల్ని చూపిస్తుంది. పైగా చెయ్యి ఊపితే పిట్ట లేచిపోతుంది. నోటితోనే చెప్పాలి: "చింతచెట్టు, నడిమి పంగ, ఎడమ వైపు రెండో కొమ్మ, ఎండిన రెమ్మకి జానెడు పైన." చెట్టు, పంగ, కొమ్మ, రెమ్మ, కొలత, ఎప్పుడూ ఇదే వరస. వార్బ్లర్ ఒక ఆకు దగ్గర రెండు క్షణాలు కూడా నిలవదు. పిల్లాడు ఇంగ్లీషులో చెప్పి, మీరు తాతయ్యకి తెలుగు చేసేలోపు అది పక్క చెట్టు మీద ఉంటుంది. చిటారు కొమ్మ, గుబురు, మొదలు, బెత్తెడు, జానెడు, మూరెడు, ఇలాంటి పదిపన్నెండు మాటలు సెప్టెంబరులో అక్కడి పార్కులోనే నేర్పి పంపండి. "తెలుగులో మాట్లాడు" అని ఏడాదంతా పోరు పెట్టినదానికన్నా ఇది తేలిగ్గా అబ్బుతుంది, అవసరం పిట్టది కాబట్టి.

బైనాక్యులర్ 8×30 గానీ 8×32 గానీ కొనండి (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). 10× చిన్న చేతుల్లో వణుకుతుంది, కనిపించే మేర కూడా తగ్గుతుంది. పిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ, రెండు గొట్టాలూ అంత దగ్గరికి వస్తాయో లేదో కొనేముందే చూడాలి. రాకపోతే రెండు గుండ్రాలు కనిపిస్తాయి, పిల్లాడు ఆ మాట చెప్పకుండా విసుక్కుని పక్కన పెట్టేస్తాడు. కదిలిన ఆకు మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవడం అలవాటు చేయించండి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దాలు మంచుపట్టినట్టు మసకబారతాయి. రాత్రి వరండాలోనే ఉంచితే ఆ బాధ లేదు.

జెట్‌లాగ్‌ని వాడుకోండి. మొదటి నాలుగైదు రోజులు పిల్లలు ఎలాగూ మూడింటికే లేచి కూర్చుంటారు. అక్టోబరులో ఆరుకి, డిసెంబరులో ఆరున్నరకి తెల్లారుతుంది. అప్పటినుంచి రెండు గంటలు బాగుంటాయి, ఎండెక్కాక పిట్టలూ పిల్లలూ ఇద్దరూ చల్లబడతారు. రాత్రి వాన కురిసి తెల్లారి తెరిపిచ్చిన రోజు వదులుకోవద్దు. కార్తీక మాసంలో గుడి మైకులు మొదలయ్యాక కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌కి ఏమీ వినపడదు, గుడికి దూరంగా నడవండి. ఆ యాప్‌లో ఇండియా ప్యాక్ ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోవాలి.

ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకి నేరుగా వార్బ్లర్లతో మొదలుపెట్టడం దండగ. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు దగ్గర పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు లాంటి పెద్ద పక్షులు ఉత్త కళ్లకే నిండుగా కనిపిస్తాయి, ముందు అక్కడికి తీసుకెళ్లండి. పెద్దపిల్లలకైతే కాలువ గట్లు, మామిడి తోటలు, కొండపల్లి కొండ దిగువ చాలు. పూలు తొడిగిన, పురుగు పట్టిన ఒక్క చెట్టు కింద అరగంట నిలబడితే కిలోమీటర్ల నడక కన్నా ఎక్కువ దొరుకుతుంది. బూట్లు వేయించండి, గడ్డిలో పాములుంటాయి. పొదలోకి చెయ్యి పెట్టనివ్వద్దు, ఫోన్‌లో కూత వినిపించి పిట్టని రప్పించొద్దు.

కాలువ రేవుల్లో ఆడవాళ్లు బట్టలుతుకుతుంటారు. అటువైపు బైనాక్యులర్ తిప్పితే గొడవే. ఎవరైనా "ఏం చూస్తున్నారు బాబూ?" అని అడిగితే పిల్లల చేతే సమాధానం చెప్పించండి, బైనాక్యులర్ వాళ్లకీ ఒకసారి ఇవ్వండి.

చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో జాబితా రాసేటప్పుడు ప్రతి పిట్టకీ పేరు పెట్టాలన్న పట్టుదల పిల్లల్లో ఎక్కువ. సరిగా చూడని మట్టిరంగు పిట్టని జాతి చెప్పకుండా ఉత్త వార్బ్లర్‌గా నమోదు చేసే వీలు అందులోనే ఉంది, తప్పు పేరు కన్నా అదే నయం. ఏ చెట్టు మీద చూశారో తెలుగులో రాయమనండి, స్పెల్లింగు తాతయ్య దిద్దుతారు.

ఆస్ట్రేలియా పిల్లలకి సెప్టెంబరు, అక్టోబరు సెలవులు, లండన్ వైపు వాళ్లకి అక్టోబరు చివరి వారం కలిసొస్తాయి. అమెరికా వాళ్లకి డిసెంబరే గతి, అయినా ఫరవాలేదు, ఇవి వేసవి ముదిరేదాకా ఇక్కడే ఉంటాయి. జూన్‌లో వస్తే మాత్రం వెతకొద్దు. అప్పటికి ఉత్తరాన గూళ్లు కట్టుకునే పనిలో ఉంటాయి, మీకు పెరటి టైలర్ బర్డే దిక్కు.