కణం పైన కనిపించనిది కణం లోపల దొరికింది

పీహెచ్‌డీలో నాకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. ఇన్‌ఫ్లమేషన్ (వాపు) మొదలయ్యాక రోగనిరోధక కణాలకు బ్రేకుల్లా పనిచేసే ఇన్హిబిటరీ రిసెప్టర్లు (సంకేతాలు అందుకుని కణాన్ని ఆపే ప్రోటీన్లు) పెరుగుతాయా, తగ్గుతాయా చూడాలి. మా అందరి తలల్లో ఉన్నది పీడీ-1 అనే అలాంటి ఒక రిసెప్టర్ కథ. యాక్టివేట్ కాని టీ కణం (ఒక రకం తెల్ల రక్తకణం) మీద అది దాదాపు ఉండదు, కణం యాక్టివేట్ అయ్యాక ఒకటి రెండు రోజుల్లో పైకి వస్తుంది. యాంటిజెన్ (టీ కణం గుర్తుపట్టే పరాయి పదార్థం) పోతే మళ్ళీ తగ్గుతుంది. దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్లలో మాత్రం తగ్గకుండా అలాగే ఉండిపోయి, కణాన్ని పనికి రానంత నీరసపరుస్తుంది.

ముందు న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్ దగ్గరికి ముందుగా పరిగెత్తే తెల్ల రక్తకణాలు) పట్టుకున్నాం. వాటితో పని అంటే టెన్షనే. రక్తం తీసిన కొద్ది గంటల్లో అంతా ముగించాలి, లేకపోతే చచ్చిపోతాయి. కాస్త మొరటుగా పైపెట్ చేసినా వాటంతట అవే రెచ్చిపోతాయి. ప్రేరేపించాక చూస్తే సర్ల్-1 అనే రిసెప్టర్ పెరగడం పోయి, తగ్గింది. లెయిర్-1 అనే మరో రిసెప్టర్ ఏమో పైకి వచ్చింది. మా సీనియర్ అప్పుడు చెప్పిన మాట నాకు దారి చూపింది: కొన్ని రిసెప్టర్లు ముందే కాపలా ఉండి, చిన్నాచితకా సంకేతాలకు కణం చలించకుండా ఆపుతాయి. నిజమైన ప్రమాదం వస్తే పక్కకు తప్పుకుంటాయి. మరికొన్ని ఆ తర్వాత వచ్చి, పోరు శ్రుతి మించకుండా చూస్తాయి. లెయిర్-1 పట్టుకునేది కణజాలాన్ని కట్టి ఉంచే ప్రోటీన్ కొల్లాజెన్‌ని. రక్తనాళం దాటి కణజాలంలోకి దిగిన న్యూట్రోఫిల్‌కి ఎదురయ్యేది అదే కదా!

అసలు తలనొప్పి టీ కణాల మరో బ్రేకు సీటీఎల్‌ఏ-4తో. ఇది లేని ఎలుకలు పుట్టిన మూడు నాలుగు వారాల్లోనే అదుపు తప్పిన టీ కణాల వల్ల చనిపోతాయి. అంత ముఖ్యమైన రిసెప్టర్, యాక్టివేట్ అయిన టీ కణాల మీద వెతికితే ఫ్లో సైటోమీటర్‌లో (కణాలకు అంటిన యాంటీబాడీల వెలుగును కొలిచే యంత్రం) దాని సిగ్నల్ కంట్రోల్ పక్కనే కూర్చుంది, అంటే దాదాపు ఏమీ లేనట్టే. కణాల పొరకు రంధ్రాలు చేసి మళ్ళీ స్టెయిన్ చేశాం (వెలిగే యాంటీబాడీ అంటించాం). ఉన్నదంతా లోపలే! అది బుడగల్లో నిల్వ ఉండి, పైకి వచ్చిన కాసేపటికే మళ్ళీ లోపలికి లాగబడుతుంది. ఐస్ మీద స్టెయిన్ చేస్తే ఆ క్షణాన పైన ఉన్నవే చిక్కుతాయి. అందుకే యాంటీబాడీని 37 డిగ్రీల దగ్గర కణాలతోనే కాసేపు ఉంచాం. పైకి వచ్చి వెళ్ళే ప్రతి రిసెప్టర్‌కీ అది అంటుకుంది, సిగ్నల్ చక్కగా వచ్చింది.

అప్పటి నుంచి ఏ రిసెప్టర్ తగ్గినా నాకు అనుమానమే. లోపలికి వెళ్ళిందా? ఎంజైములు కత్తిరించి పడేశాయా? అసలు తయారీయే ఆగిందా? కత్తిరించిన ముక్కల కోసం కల్చర్ ద్రవంలో ఎలైజా (యాంటీబాడీలతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) చేశాం, తయారీ తెలియడానికి ప్రోటీన్ తయారీ సూచనలు మోసే ఎంఆర్ఎన్ఏ కొలిచాం. చచ్చిన కణాలు ఏ యాంటీబాడీనైనా పట్టేసుకుంటాయి, బతికున్నవి కూడా ఎఫ్‌సీ రిసెప్టర్లతో యాంటీబాడీ తోకను పట్టుకుంటాయి; కాబట్టి చచ్చినవాటిని చూపే వయబిలిటీ డై, ఆ రిసెప్టర్లను మూసే ఎఫ్‌సీ బ్లాక్ లేకుండా ట్యూబ్ ముట్టుకోవద్దు. ఇది బోరు పనే, కానీ తప్పదు. ఒకే ఒక్క టైమ్ పాయింట్ చూపించి 'రిసెప్టర్ తగ్గింది' అనే గ్రాఫులను నేనిప్పుడు నమ్మలేను.

ఇదే పని మొదలుపెట్టేవాళ్ళకు ఒక్క విషయం: టీ కణాలను ఫ్రీజ్ చేసి తీరిగ్గా చూసుకోవచ్చు. న్యూట్రోఫిల్స్‌తో ఆ వెసులుబాటు లేదు, కరిగించేసరికి బతికి ఉండవు. అందుకని సైటోమీటర్ స్లాట్ చేతిలో ఉన్నాకే రక్తం తీయించండి.