అరటి దొప్ప పీచుతో పిండి పొర: నాలుగో విడత

కర్రపెండలం పిండితో చుట్టడానికి పనికొచ్చే పలచటి పొర చేసి, అరటి దొప్ప పీచుతో దాన్ని గట్టిపరచాలని ఇంట్లో చేస్తున్న ప్రయత్నం ఇది. మూడో విడత ఎందుకు చెడిందో తేలింది. మిగిలిన పీచు కుళ్లిపోతుందని ఎండబెట్టి డబ్బాలో దాచాను. వారం పోయాక తీస్తే అట్టముక్కలా ఉంది. రాత్రంతా నానబెట్టి, మిక్సీలో ఎంతసేపు తిప్పినా విడలేదు, పొర నిండా తెల్లటి నలుసులే. పీచులో ముఖ్య పదార్థమైన సెల్యులోజ్ ఆరేటప్పుడు పక్కపక్క పోగులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, మళ్లీ తడిపినా పూర్తిగా వదలవు. అందుకే ఈసారి పీచును ఒక్క పూట కూడా ఆరనివ్వలేదు, తడి ముద్దగానే ఫ్రిజ్‌లో పెట్టాను.

గెల కొట్టేసిన చెట్టు నుంచి పై దొప్పలు 200 గ్రాములు తీసుకున్నాను (దవ్వ వంటింటికి వెళ్లింది). వేలెడేసి ముక్కలు కోసి, లీటరు నీళ్లలో 50 గ్రాముల వాషింగ్ సోడా వేసి రెండు గంటలు ఉడికించాను. గిన్నె స్టీలుదే కావాలి, అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది. నీళ్లు డికాక్షన్ రంగుకి తిరిగాయి. ల్యాబుల్లో కాస్టిక్ సోడా వాడతారు, పోగుల్ని అతికించి ఉంచే లిగ్నిన్ ఇంకా బాగా వదులుతుంది. పిల్లలు తిరిగే ఇంట్లోకి నేను మాత్రం దాన్ని తేను. తేట నీళ్లు వచ్చేదాకా కడిగి, పీచు ఒక వంతు, నీళ్లు 99 వంతులుగా కలిపి పాత మిక్సీ జార్‌లో వేశాను. నిమిషం తిప్పడం, రెండు నిమిషాలు ఆపడం, అలా ఇరవై సార్లు.

దీన్ని నానోసెల్యులోజ్ (అతి సన్నటి పోగులుగా విడిన సెల్యులోజ్) అనడానికి నాకు నోరు రాదు. అసలు నానో పోగు వెడల్పు పదుల నానోమీటర్లలో ఉంటుంది, నా దగ్గరున్న స్కూలు మైక్రోస్కోపుకి అందదు. 1970ల చివర్లో అమెరికాలో ఐటీటీ రేయోనియర్ అనే కంపెనీ పరిశోధకులు కలప గుజ్జును పాలు హోమోజినైజ్ చేసే యంత్రంలో గట్టి ఒత్తిడితో పదేపదే పంపి జెల్ చేశారు. ఆ ఒత్తిడి మిక్సీ బ్లేడుకెక్కడిది? నాకున్న పరీక్ష గాజుగ్లాసే. అయిదు సార్లు తిప్పిన పీచు పది నిమిషాల్లో సగానికి దిగిపోయింది. ఇరవై సార్లు తిప్పింది గంట తర్వాత కూడా పలచటి గంజిలా తేలుతూనే ఉంది, పైన వేలి మందం తేట తప్ప. అంతవరకు నయం.

పొరకి కర్రపెండలం పిండి 5 గ్రాములు, గ్లిజరిన్ 1.5, పైన చెప్పిన పీచు నీళ్లు 15 గ్రాములు (అంటే పీచు 0.15 గ్రాము, పిండిలో 3 శాతం), మంచినీళ్లు 85. సన్న సెగ మీద కలుపుతూ ఉంటే తెల్లదనం పోయి జిగురుగా మెరుస్తుంది. దించి, బుడగలు పోయేదాకా ఆగి, 20 సెంటీమీటర్ల అడ్డుకొలతున్న సమమైన పళ్లెంలో పోశాను. అటుగా వచ్చిన మా అత్తయ్యగారు "వడియాలా బాబూ, జీలకర్ర వేశారా?" అన్నారు. పని అచ్చంగా అదే, కాకపోతే ఎండ పనికిరాదు, అంచులు లేచి పగులుతుంది. ఫ్యాను కింద రెండు రోజులు పట్టింది. గ్లిజరిన్ మానేస్తే పూతరేకులా చిట్లిపోతుంది, ఎక్కువైతే వానాకాలం గాలికే చేతికి అంటుకుంటుంది.

స్క్రూగేజితో చూస్తే మందం 0.15 మిల్లీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, క్లిప్పుకి సీసా తగిలించి, తెగేదాకా నీళ్లు పోశాను. పోల్చడానికి పీచు లేకుండా చేసిన పొర పట్టీలు 640, 700, 680 గ్రాముల దగ్గర తెగాయి. పీచున్నవి 1050, 1120, ఇంకొకటి 790. ఆ 790 దాని తెగిన అంచుని దీపం ముందు పెడితే సరిగ్గా అక్కడే ఆవగింజలో సగం ఉండ. వచ్చేసారి పిండిలో పోసేముందు పీచు నీళ్లని టీ జాలీలో వడకట్టాలి, పీచు పెంచడం తర్వాతి మాట.

నీటికి మాత్రం పెద్దగా మార్పు లేదు. చుక్క వేస్తే కాసేపటికే మెత్తబడుతోంది. పల్లీపట్టీకి చుట్టాను, బాగానే ఉంది. బెల్లం ముక్కకి చుట్టినది మర్నాటికి దానికే అతుక్కుపోయింది.

పిండి పొర రోజులు గడిచేకొద్దీ బిరుసెక్కుతుంది. అందుకని రెండు రకాల్లోనూ మూడేసి పట్టీలు పాత డైరీ పేజీల మధ్య పెట్టాను. పదో రోజున మళ్లీ సీసా కడతాను.