ఏడీహెచ్‌డీ: చీటీ రాశాక మాత్ర దొరికేదాకా

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస, కుదురు నిలవని జబ్బు. అది పెద్దవాళ్లకు కూడా ఉంటుందంటే మా ఇంట్లో నమ్మలేదు. నమ్మింది బైరాగిపట్టెడలోని మా ఫ్యామిలీ డాక్టర్ గారొక్కరే. ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, నిద్ర సంగతి అడిగి, అవన్నీ సరిగ్గానే ఉన్నాయని తేలాక సైకియాట్రిస్టు మేడమ్‌కు ఉత్తరం రాసిచ్చారు.

ఈ జబ్బును స్కానింగ్‌లోనో రక్తపరీక్షలోనో తేల్చలేరు. లక్షణాలు పన్నెండేళ్లలోపే ఉన్నాయా అన్నది ముఖ్యం కాబట్టి మేడమ్ అమ్మను తీసుకురమ్మన్నారు. అమ్మ బీరువాలోంచి నా ప్రోగ్రెస్ కార్డులు వెతికి తెచ్చింది. "తెలివుంది, కుదురు లేదు" అని ఎర్రసిరాతో రాసుంది. "అంగడికి పంపితే ఏం తెమ్మన్నానో మరిచిపోయి ఉత్త చేతుల్తో వస్తాండె మేడమ్. పొగరనుకొని కొట్టినాం" అని అమ్మ ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. దిగులు, ఆందోళన, తాగుడు లాంటివి ఉన్నాయేమోనని కూడా విడిగా అడిగి, మేడమ్ ఏడీహెచ్‌డీ అని తేల్చారు.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. రాసిన మందు మిథైల్‌ఫెనిడేట్. అది షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే అమ్మకంపై గట్టి ఆంక్షలున్న మందుల ప్రభుత్వ జాబితాలో ఉంది. చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి, అమ్మడానికి వేరే లైసెన్సు కావాలి. అందుకే చాలా షాపులు పెట్టవు. ఒకాయన చీటీ చూసి, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇట్లాంటివి మా దగ్గర ఉండవు" అన్నాడు. దుర్వినియోగం కాకూడదని పెట్టిన నిబంధన సబబే. కానీ డాక్టరు రాసిన మందు అడిగినవాణ్ని దొంగలా చూడటం అన్యాయం. చివరికి ఏ షాపులో దొరుకుతుందో మేడమే చెప్పారు. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఈ మందును ఫోన్లో, వీడియోలో రాయకూడదు. కాబట్టి నేరుగా వెళ్లాల్సిందే. ఈ షెడ్యూల్‌లో లేని అటోమాక్సెటిన్ అనే మందు కూడా ఉంది, కానీ అది పనిచేయడానికి వారాలు పడుతుందట.

మందు మార్చడం, పెంచడం మేడమ్ పని. బీపీ, నాడి, బరువు చూసేది ఫ్యామిలీ డాక్టర్ గారు. ఏ మోతాదు, ఏం గమనించాలి అన్నది మేడమ్ ఒక కాగితం మీద రాసిచ్చారు. మోతాదు పెంచాక నా నాడి వంద దాటింది, మధ్యాహ్నం ఆకలి చచ్చిపోయింది. డాక్టర్ గారు అప్పటికప్పుడే మేడమ్‌కు ఫోన్ చేస్తే, ఆమె నన్ను పిలిపించి తగ్గించారు. ఇద్దరూ మాట్లాడుకోబట్టే నాకు భయం లేకుండా పోయింది.

మాత్రలు అయిపోవడానికి వారం ముందే ఇప్పుడు షాపుకు ఫోన్ చేస్తున్నా. తెప్పించడానికి వాళ్లకు ఆ మాత్రం వ్యవధి కావాలి.